ఓదా గారూ, ఆ సముద్రం సంగతి తేల్చండి

‘వన్ పీస్’ సృష్టికర్త శ్రీ ఎయిచిరో ఓదా గారికి,



1997 జులై 22న ‘వీక్లీ షోనెన్ జంప్’ పత్రికలో గడ్డిటోపీ పెట్టుకున్న కుర్రాడొకడు చిన్న పడవ వేసుకుని సముద్రం మీదికి బయల్దేరాడు. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటున్నారు, వాడు మాత్రం ఇంకా ప్రయాణంలోనే ఉన్నాడు. ఆఖరి ఘట్టం మొదలైందని 2022 జులైలో మీరే ప్రకటించారు. అప్పట్నుంచీ మీ పాఠకులు ఎక్కడ కలిసినా నిధి ఏమై ఉంటుంది, ఆఖరి యుద్ధంలో ఎవరు గెలుస్తారు, ఎవరు ప్రాణాలు పోగొట్టుకుంటారు అన్న చర్చే. నేను వేరే ప్రశ్న అడగడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ లోకాన్ని ముంచిన నీటిని మీరేం చేయబోతున్నారు? ఆ నీటి మధ్య బతుకుతున్న మామూలు మనుషులకు మీ ముగింపులో ఏమైనా పని ఉందా?

మీ కథ తెలియని తెలుగువాళ్లు కూడా ఈ ఉత్తరం చదువుతారు కాబట్టి వాళ్లకోసం నాలుగు మాటలు. ‘వన్ పీస్’ ఒక జపాను చిత్రకథ. దాని లోకంలో ఎటు చూసినా సముద్రమే. మధ్యమధ్య దీవులు. భూగోళం చుట్టూ గోడలా నిలబడిన ఒకే ఒక్క ఖండం రెడ్ లైన్. దాన్ని అడ్డంగా దాటుకుంటూ వెళ్లే ప్రమాదకరమైన సముద్రమార్గం గ్రాండ్ లైన్. ఆ మార్గం చివర కడలి దొంగల రాజు రోజర్ దాచిన నిధి ఉందని నమ్మి లూఫీ అనే కుర్రాడు తొమ్మిదిమంది తోడుతో వెళుతున్నాడు. పాతికేళ్లకు పైగా పాఠకులు ఆ సముద్రాన్ని సాహసయాత్రకు అనువైన చోటు అనుకున్నారు. కడలి దొంగల కథ కదా, కడలి ఉండక తప్పదు అనుకున్నారు.

2024లో ఆ అమాయకత్వాన్ని మీరు పోగొట్టారు. ఎగ్‌హెడ్ దీవిలో శాస్త్రవేత్త వేగాపంక్ గుండె ఆగిపోగానే, ఆయన ముందే సిద్ధం చేసి ఉంచిన సందేశం లోకమంతా వినబడింది. ఎనిమిది వందల ఏళ్ల కిందట, చరిత్రలోంచి చెరిపేసిన వందేళ్ల కాలంలో సముద్రమట్టం 200 మీటర్లు పెరిగిందన్నాడు. అది ప్రకృతి చేసిన పని కాదన్నాడు. ఈ లోకం మళ్లీ మునుగుతుందన్నాడు. అంతకుముందే లులూసియా అనే రాజ్యాన్ని పాలకులు ఒక్క దెబ్బతో పటం మీద లేకుండా చేశారు. దాని తర్వాత లోకమంతటా సముద్రం మరో మీటరు పెరిగింది. అంటే మేము ఇన్నేళ్లూ ముచ్చటగా చూసిన ఆ దీవులు, మునిగిపోయిన నేలల మీద మిగిలిన ఎత్తులు. వాటి చుట్టూ ఉన్న నీరు ఒక నేరానికి మిగిలిన ఆనవాలు. ఆ నేరం చేసినవాళ్ల వారసులే ఇంకా సింహాసనం మీదున్నారు.

అంత పెద్ద నిజం చెప్పాక కథ మామూలుగా ముగియడానికి వీల్లేదు. లూఫీ ఆఖరి శత్రువును ఒక్క గుద్దు గుద్దితే, ఏదో అద్భుతం జరిగి నీళ్లు తగ్గిపోతే, అది ఆ లోకంలోని మనుషులకు అన్యాయం. మీ పాఠకుడిగా నా మాట ఇదే. కూల్చడానికి లూఫీ చాలు. కట్టడానికి మాత్రం మీరు ఇన్నేళ్లుగా ఊరూరా పరిచయం చేసిన పనివాళ్లు కావాలి. వాళ్లను ఆఖరి అధ్యాయాల్లోకి పిలవండి.

ఈ మాట అనే ధైర్యం నాకు మీ కథే ఇచ్చింది. ముందుగా వాటర్ సెవెన్ నగరం. ఏటా సముద్రమట్టం పెరిగి ఊరు మునిగిపోతుంటుంది. జనం పాత ఇళ్ల మీదే కొత్త ఇళ్లు కట్టుకుని పైకి జరుగుతుంటారు. నీటి అడుగున తాతల నాటి వీధులుంటాయి. ఏడాదికోసారి ఆక్వా లగూనా అనే ఉప్పెన వచ్చి లోతట్టు వాడలను ఊడ్చుకుపోతుంది. ఆ ఊళ్లో టామ్ అనే మత్స్యమానవుడు ఓడలు కట్టేవాడు. రోజర్‌కు ఓడ కట్టిచ్చిన నేరానికి అతనికి శిక్ష పడబోయింది. అప్పుడతను న్యాయమూర్తిని గడువు అడిగాడు. అలల మీద తేలే పట్టాలు వేస్తాను, దీవి నుంచి దీవికి రైలు నడుపుతాను, దిక్కుతోచక ఆరిపోతున్న ఈ ఊరికి బతుకు చూపిస్తాను అన్నాడు. ఏళ్ల తరబడి కష్టపడి ఆ రైలు నడిపించాడు. ఊరికి సరుకు వచ్చింది, పని వచ్చింది, జనంలో నమ్మకం వచ్చింది. చివరికి ప్రభుత్వ మనుషులు పన్నిన కుట్రలో టామ్ బలైపోయాడు. అతని శిష్యుడు ఐస్‌బర్గ్ నగరానికి మేయరయ్యాడు. సముద్రం పెరగడం ఆపలేం, కాబట్టి ఊరినే ఓడగా మార్చి తేలుద్దాం అని పథకం వేశాడు.

మీ కథలో ఎన్ని యుద్ధాలున్నా నన్ను ఎక్కువగా కదిలించింది ఈ పథకమే. ఒక మేయరు, ఓడల వడ్రంగులు, ఒక ఊరు. మీ కథలో కొందరికి అద్భుత శక్తులిచ్చే దయ్యపు పండ్లేవీ వాళ్లు తినలేదు. రంపాలు, సుత్తులు, లెక్కలు, తరాల అనుభవం మాత్రమే ఉన్నాయి. సముద్రం గురించి మీ లోకంలో ఎవరికైనా సరైన సమాధానం తెలిసి ఉంటే అది వీళ్లకే తెలుసు.

తెలుగు తీరంలో పుట్టినవాడు ఈ ఘట్టాన్ని ఊరికే చదవలేడు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది చనిపోయారు. ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. కాకినాడ పక్కనున్న ఉప్పాడలో సముద్రం ఇప్పటికీ ఒడ్డును కోసుకుంటూ ఇళ్లను తీసుకుపోతూనే ఉంది. ఆ ఊరి మత్స్యకారులు వెనక్కి జరిగి మళ్లీ ఇల్లు కట్టుకుంటున్నారు. అలాంటి మనుషులకు సముద్రం శత్రువు మాత్రమే కాదు, అన్నం పెట్టే తల్లి కూడా అదే. కానీ ఎవరు తమకు అండగా ఉంటారన్న ప్రశ్న వాళ్లకు ప్రతి వానాకాలంలోనూ ఎదురవుతుంది. వాటర్ సెవెన్ జనం అడిగేదీ అదే.

రెండోది ఓహారా. ఆ దీవి పండితులు నిషేధించిన శిలాశాసనాలు చదివి చెరిపేసిన చరిత్రను వెతికారు. ఆ నేరానికి ప్రభుత్వం యుద్ధనౌకలు పంపి దీవిని తగలబెట్టింది. వాళ్ల గ్రంథాలయం ఒక మహావృక్షం లోపల ఉండేది. చెట్టు మండుతుంటే ఆ పండితులు తమ ప్రాణాలు కాపాడుకునే ప్రయత్నం మానేసి, పుస్తకాలను కిటికీల్లోంచి కొలనులోకి విసిరారు. తర్వాత లూఫీ బృందంలో చేరిన రాబిన్ ఒక్కతే, ఎనిమిదేళ్ల వయసులో, బతికి బయటపడింది. చాలా ఏళ్ల తర్వాత మీరు ఆ దృశ్యానికి కొనసాగింపు రాశారు. మహాకాయులు వచ్చి కొలనులోంచి ఆ పుస్తకాలను ఏరి, తమ దేశం ఎల్బాఫ్‌కు మోసుకెళ్లారని చెప్పారు. కాల్చినవాళ్లు నిప్పును నమ్ముకున్నారు. పండితులు నీటిని నమ్ముకున్నారు. లోకాన్ని ముంచిన నీరే అక్కడ జ్ఞానాన్ని దాచింది.

మా దగ్గర నాగార్జునకొండ అనే చోటుంది. కృష్ణానది లోయలో ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి అక్కడే ఉండేది. బౌద్ధ విహారాలు, స్తూపాలు, శాసనాలు, బహిరంగ రంగస్థలం, స్నానఘట్టాలు అన్నీ ఉండేవి. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. నీళ్లు నిండితే లోయ మొత్తం మునుగుతుందని తెలుసు కాబట్టి, పురావస్తు శాఖ వాళ్లు 1954 నుంచి 1960 దాకా ఆ నేలను తవ్వారు. దొరికిన శిల్పాలను, శాసనాలను కొండపైకి చేర్చారు. కొన్ని కట్టడాలను రాయి రాయి విప్పి మరోచోట మళ్లీ నిలబెట్టారు. ఇవాళ ఆ కొండ నీటి మధ్య దీవి. దాని మీదున్న మ్యూజియానికి లాంచీలో వెళ్లాలి. సాగర్ నీళ్లు లక్షల ఎకరాలకు ప్రాణం పోశాయి, ఆ మేలును ఎవరూ కాదనలేరు. అయినా ఆ నీళ్లు తమంతట తాము రాలేదు. మనుషులు నిర్ణయించారు, నీళ్లు వచ్చాయి, ఒక నగరం అడుగున ఉండిపోయింది. అక్కడ తవ్వినవాళ్ల ఓపిక వల్లే దాని కథ మాకు దక్కింది. అందుకే రాబిన్ చేసే పని లూఫీ చేసే పనికంటే చిన్నదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మూడోది మీరే పెట్టుకున్న ఒక చిక్కుముడి. మత్స్యమానవుల దీవి సముద్రం అడుగున పది వేల మీటర్ల లోతున ఉంటుంది. అక్కడ నోవా అనే అతి పెద్ద ఓడను తరతరాలుగా కాపాడుకుంటున్నారు. జాయ్ బాయ్ అనే మనిషి ఎప్పుడో ఇచ్చిన మాట కోసం ఆ ఓడ ఎదురుచూస్తోంది. మాట నిలబెట్టుకోలేకపోయినందుకు అతను క్షమాపణ చెప్పుకున్న లేఖ అదే దీవిలో రాతి మీద చెక్కి ఉంది. ఆ ఓడ దీవి మీద పడబోతే, జనాన్ని కాపాడటానికి లూఫీ తన పిడికిళ్లతో దాన్నే పగలగొట్టాడు. వేరే దారి లేదు, అతను చేసింది సరైన పనే. కానీ ఓడ దెబ్బతింది. ఇప్పుడు దాన్ని బాగుచేయాలి. పిడికిలి చేయగల పని ఎక్కడితో ఆగిపోతుందో, వడ్రంగి పని ఎక్కడ మొదలవుతుందో ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? మీరే చెప్పారు. చెప్పి పదేళ్లు దాటింది. ఆ ఓడ సంగతి మర్చిపోలేదని మాకు తెలియాలి.

మత్స్యమానవుల గురించి ఇంకో మాట. మునక అందరికీ ఒకేలా ఉండదు. నేల మీద బతికేవాడికి నీరు అంటే ఇల్లు పోగొట్టినది, మత్స్యమానవుడికి అదే పుట్టిల్లు. వాళ్లు కోరింది మాత్రం ఎండ తగిలే చోట మనుషులతో సమానంగా బతికే హక్కు. ఒతొహిమె రాణి దాని కోసం సంతకాలు సేకరిస్తూ హత్యకు గురైంది. ముగింపులో నీళ్లు తగ్గించి నేలవాళ్లకు నేల ఇచ్చేస్తే లెక్క సరిపోతుందనుకుంటే వీళ్లకు మళ్లీ అన్యాయమే. ఎవరికి ఎంత నేల, ఎవరికి ఎంత నీరు అన్నది మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఆ మాటల్లో లూఫీ బృందంలోని మత్స్యమానవుడు జింబే ఉండాలి, ఒతొహిమె కూతురు షిరహోషి ఉండాలి, ఐస్‌బర్గ్ ఉండాలి.

యుద్ధమే కోరుకునే పాఠకులున్నారని నాకు తెలుసు. వారపత్రికలో బాలుర సాహసకథకు ఆ వేడి అవసరమే. రెడ్ లైన్ కూలిపోతుందనీ, నాలుగు సముద్రాలూ కలిసి లూఫీ ఓడలోని వంటవాడు సాంజి కలగన్న ఆల్ బ్లూ అవుతుందనీ చాలామంది అభిమానులు ఊహిస్తున్నారు. అదే జరగవచ్చు, జరిగితే చూడటానికి నాకూ ఇష్టమే. అయినా రెడ్ లైన్ కూలినరోజు లేచే అలలు ఎవరి గుమ్మం ముందుకు వస్తాయి? ఆ రాత్రి ఎవరు ఎవరిని పడవలోకి ఎక్కించుకుంటారు? మర్నాడు పొద్దున గంజి ఎవరు కాస్తారు? ఈ ప్రశ్నలకు కొన్ని పేజీలు కేటాయించినంత మాత్రాన కథలో వేడి తగ్గదు. లూఫీ కూడా ఏనాడూ అన్నీ తానే చేయగలనని అనలేదు. ఆర్లాంగ్ అనే శత్రువు ఎదుట నిలబడి, తనకు కత్తి తిప్పడం రాదు, దారి చూసుకోవడం రాదు, వంట రాదు, తోటివాళ్లు లేకపోతే బతకలేను అని గర్వంగా చెప్పుకున్న నాయకుడతను. ఆ మాటను ఆఖరి అధ్యాయం దాకా నిజం చేయాల్సింది మీరు.

ఇది కాగితం మీది విషయం మాత్రమే అయితే ఇంత పట్టుబట్టను. 2025 ఆగస్టులో ఇండోనేషియాలో లారీల మీద, ఇళ్ల మీద మీ గడ్డిటోపీ పుర్రె జెండా ఎగిరింది. అధికారులు కోప్పడ్డారు, జనం ఇంకా ఎక్కువగా ఎగరేశారు. సెప్టెంబరులో నేపాల్ యువత అదే జెండాతో వీధుల్లోకి వచ్చింది. కాల్పుల్లో, అల్లర్లలో డెబ్భై మందికి పైగా చనిపోయారు. ప్రభుత్వం పడిపోయింది. ఖాట్మండులో సింహ దర్బార్ ప్రాంగణం తగలబడుతుంటే దాని గేటుకు మీ జెండా కట్టి ఉన్న ఫోటో ప్రపంచమంతా చూసింది. ఆ తర్వాత మడగాస్కర్‌లోనూ యువత దాన్ని తమకు తగినట్టు మార్చుకుని పట్టుకుంది. ఆ పిల్లలకు అన్యాయాన్ని గుర్తుపట్టడం మీ కథ నేర్పింది. భయపడకపోవడం నేర్పింది. కూలినచోట ఏం కట్టుకోవాలో చెప్పే బాధ్యత రచయితది కాదని ఎవరైనా వాదించవచ్చు. ఐస్‌బర్గ్‌ను సృష్టించిన రచయిత విషయంలో ఆ వాదన నిలవదు. మీకు ఆ సంగతి తెలుసు, అందుకే అడుగుతున్నాను.

మీకు తెలుసనడానికి ఇంకో రుజువు మీ సొంతగడ్డ మీదే ఉంది. 2016 ఏప్రిల్‌లో కుమమోతో భూకంపాలతో అతలాకుతలమైంది. మీరు 80 కోట్ల యెన్‌ల విరాళం ఇచ్చారు. 2018 నుంచి 2022 దాకా దెబ్బతిన్న పట్టణాల్లో మీ ఓడ బృందం పదిమంది విగ్రహాలు ఒక్కొక్కటిగా వెలిశాయి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో చూస్తేనే అందులోని ఆలోచన తెలుస్తుంది. తీవ్రమైన కుదుపులకు రెండుసార్లు గురైన మషికి పట్టణంలో వంటవాడు సాంజి. దెబ్బతిని మళ్లీ తెరుచుకున్న కుమమోతో జంతు ఉద్యానంలో వైద్యుడు చాపర్. రైలుమార్గం తెగిపోయిన తకమోరిలో వడ్రంగి ఫ్రాంకీ. తొకాయ్ విశ్వవిద్యాలయం వదిలి వెళ్లాల్సివచ్చిన అసో ప్రాంగణంలో చరిత్రకారిణి రాబిన్. కెప్టెన్ లూఫీ జిల్లా కార్యాలయం ముందు నిలబడ్డాడు, మిగతా పనంతా తోటివాళ్లకు పంచి ఇచ్చినట్టు. ఫ్రాంకీ కాపలా ఉన్న ఆ రైలుమార్గం 2023 జులైలో పూర్తిగా మళ్లీ నడిచింది.

కుమమోతోలో విపత్తు తర్వాత ఎవరి పని వాళ్లకు అప్పగించారు. కథలో కూడా అదే చేయండి. సాంజి ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం పెట్టాలి. చాపర్ గాయాలకు కట్టు కట్టాలి. ఫ్రాంకీ, వాటర్ సెవెన్ వడ్రంగులు, టామ్ తమ్ముడు డెన్ కలిసి నోవాను బాగుచేయాలి. ఎల్బాఫ్‌లో ఉన్న ఓహారా పుస్తకాలను రాబిన్ అందరి ముందూ తెరిచి చదవాలి. ఓడకు దారి చూపే నామి గురించి మాత్రం ప్రత్యేకంగా అడుగుతాను. లోకమంతటి పటం గీయడం చిన్నప్పటి నుంచీ ఆమె కల. ఆ పటంలో ఇప్పుడున్న దీవులు మాత్రమే ఉంటే సరిపోదు. నీటి అడుగునున్న పాత నేలలు, వాటి పేర్లు, పేరు చెరిపేసిన రాజ్యాలు, లులూసియా ఉండిన చోటు, అన్నీ ఉండాలి. ముంచినవాళ్లు పటం మీంచి తీసేసిన ప్రతి ఊరినీ నామి కలం తిరిగి రాయాలి. ఒక నేరానికి ఇంతకంటే పెద్ద తీర్పు నాకు తోచడం లేదు.

ఒక చిన్న విన్నపం మీ ఆరోగ్యం గురించి. 2023లో కంటి శస్త్రచికిత్స కోసం మీరు నాలుగు వారాలు కలం పక్కన పెట్టారు. ‘బెర్సెర్క్’ కథ సగంలో ఉండగానే 2021లో కెంతారో మియురా గారు వెళ్లిపోయారు. 2024లో మరో చిత్రకథకుడు అకిరా తొరియామా గారు వెళ్లిపోయారు. వారం వారం పేజీలు అందించే ఈ వృత్తి మనిషిని ఎంత నలిపేస్తుందో మీకంటే తెలిసినవాళ్లు లేరు. మేము ఆగగలం. ఒక వారం పత్రికలో ‘వన్ పీస్’ లేకపోతే కొంపలు మునగవు. నిద్రపోండి, కళ్లకు విశ్రాంతి ఇవ్వండి, ఎంతకాలం పడితే అంతకాలం తీసుకోండి. ముగింపు మాత్రం తొందరలో రాయకండి.

50 కోట్ల ప్రతులు దాటిన కథ మీది. తెలుగునేల మీద చాలామందిమి దాన్ని ఇంగ్లీషులోనే చదువుతున్నాం. అయినా వాటర్ సెవెన్ మనుషులు మాకు పరాయివాళ్లు కారు, ఓహారా పుస్తకాలు పరాయివి కావు. నిధి దొరికిన రోజు మేమూ సంబరం చేసుకుంటాం. కానీ ఆ నిధి దొరికాక కూడా వాటర్ సెవెన్ ఏటికేడాది మునుగుతూనే ఉంటే ఆ సంబరం మాకు నిలవదు. కాబట్టి ఓదా గారూ, లూఫీని గెలిపించండి. ఆ తర్వాత వెంటనే కథ ముగించకండి. ఐస్‌బర్గ్ తన ఊరిని తేల్చేదాకా, నామి తన పటం పూర్తిచేసేదాకా కలం దించకండి.

ఇట్లు,
మీ తెలుగు పాఠకుడు